ఇంటిపేరు ఎక్కడ ముగిసింది? పుత్తూరు అమ్మాయి ఆరు పత్రాల కేసు

తిరుపతి బస్టాండు వెనక వీధిలో దరఖాస్తుల కేంద్రం పెట్టుకుని పాస్‌పోర్టు, ఆధార్, విద్యా ధ్రువపత్రాల సవరణ పనులు చేయడం మొదలుపెట్టి నాకు పందొమ్మిదేళ్లయింది. అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూటులో ఇంగ్లీషు హయ్యరు, తెలుగు లోయరు పరీక్షలకు పిల్లలను తయారు చేసేదాన్ని. పేరు సవరణ కోసం వచ్చేవారిలో చాలామంది ఎక్కడో ఒక అక్షరం తప్పు పడిందని చెబుతారు. కాగితాలు బల్ల మీద పరిచి చూస్తే అక్షరాలు చాలావరకు సరిగానే ఉంటాయి. ఇంటిపేరు ఎక్కడ ముగిసిందో, పేరు ఎక్కడ మొదలైందో, ముందున్న పొడి అక్షరం (ఇనిషియల్) దేనికి గుర్తో ఆ కాగితం చెప్పలేకపోవడమే అసలు చిక్కు. 2024 వేసవిలో పుత్తూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం పనిలో ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపించాయి. ఈ వృత్తిలో ఉన్నవారికీ, పిల్లలను పైచదువులకు పంపే తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఆ కేసును మొదటి నుంచి రాస్తున్నాను. రాయడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. వారి అసలు పేర్లు ఇక్కడ లేవు. అదే కూర్పు ఉన్న వేరే పేర్లు పెట్టాను. అమ్మాయిని వేలూరు మునిలక్ష్మి అనీ, తండ్రిని వేలూరు మునిరత్నం అనీ పిలుస్తాను. ‘ముని’తో మొదలయ్యే పేర్లు మా ప్రాంతంలో ఎంత ఎక్కువో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు, ఈ కేసులో ఆ మాటకు ప్రత్యేకమైన పాత్ర ఉంది.

ఉత్తరంలో రెండక్షరాలు

తండ్రికి పుత్తూరులో మరమగ్గాలున్నాయి. అమ్మాయి ఇంజనీరింగు ముగించి అమెరికాలో ఎం.ఎస్.కు సీటు సంపాదించుకుంది. ప్రవేశ విభాగం నుంచి వచ్చిన ఈమెయిలును తండ్రి తన ఫోనులో తెరిచి నా ముందు పెట్టి, ‘ఇదేందమ్మా, మా పాప పేరు యాడుంది దీంట్లో?’ అని అడిగాడు. ‘డియర్’ అన్న మాట తర్వాత రెండే అక్షరాలున్నాయి. మొదటిది పెద్ద ‘వీ’, రెండోది చిన్న ‘ఎమ్’. రెంటికీ మధ్య చుక్క లేదు, ఎడం (ఖాళీ జాగా) లేదు. చదివేవారికి అది ఒక మాటలా కనిపిస్తుంది, పలకబోతే నోరు తిరగదు. అమ్మాయి పేరు ‘వ్మ్’ అనీ, ఇంటిపేరు ‘లక్ష్మి’ అనీ ఆ విశ్వవిద్యాలయం నమోదు చేసుకుంది.

అది విశ్వవిద్యాలయం చేసిన తప్పు కాదని అరగంటలో తేలింది. వారికి చేరిన మార్కుల ట్రాన్‌స్క్రిప్టులోనే పేరు అలా ఉంది. అమ్మాయి చదివిన కళాశాలలో చేరికల రిజిస్టరు రాసిన గుమాస్తా గడి చాలక వేలూరును ‘వీ’గా, మునిని ‘ఎమ్’గా కుదించి, లక్ష్మిని పూర్తిగా రాశాడు. రిజిస్టరు నుంచి కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు అన్నీ పెద్దక్షరాలతో, చుక్కలు లేకుండా ఎక్కించారు. నాలుగేళ్ల తర్వాత ట్రాన్‌స్క్రిప్టులు అందంగా కనిపించాలని, పెద్దక్షరాల పేర్లన్నిటినీ మొదటి అక్షరం మాత్రం పెద్దదిగా మార్చే ఎక్సెల్ సూత్రాన్ని ఆ జాబితా మొత్తానికి ఒకేసారి వర్తింపజేశారు. ‘ప్రాపర్’ అనే ఆ సూత్రం చేసే పని చాలా సరళమైనది: అక్షరం కాని గుర్తు తర్వాత వచ్చే అక్షరాన్ని పెద్దదిగా, మిగిలిన వాటినన్నిటినీ చిన్నవిగా మారుస్తుంది. దానికి పొడి అక్షరాలంటే ఏమిటో తెలియదు. ‘వీ’ తర్వాత, ‘ఎమ్’ తర్వాత చుక్కలు పెట్టి ఉంటే చుక్క తర్వాతి అక్షరం కూడా పెద్దదిగానే మిగిలి, చూసినవారికి అవి రెండు పొడి అక్షరాలని తెలిసేది. నేను అమ్మాయి ముందే రెండు విధాలుగానూ కొట్టి చూపించాను. రెండు చుక్కలు లేనందువల్ల రెండు మాటలు మాయమై, లోకంలో లేని మూడో పేరు పుట్టింది. మూడేసి, నాలుగేసి పొడి అక్షరాలుండే మన పేర్ల జాబితాలకు ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదని ప్రతి కళాశాల కార్యాలయంలోనూ చెప్పి ఉంచవలసిన అవసరం ఉంది.

తెలుగు లిపిలోనూ పొడి అక్షరాలు కలిసి మాటలవుతాయి, కానీ అక్కడ జరిగేది వేరు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు రావిశాస్త్రి అయ్యారు. ‘రా’ ఇంటిపేరు నుంచి, ‘వి’ పేరు నుంచి వచ్చినా, రెండూ పూర్తి అచ్చులున్న అక్షరాలు కాబట్టి కలిసినా పలకడానికి వీలుగా, పేరుగానే నిలిచాయి. రోమన్ లిపిలో రెండు హల్లులు పక్కపక్కన పడితే ఆ భాగ్యం ఉండదు.

బల్ల మీద ఆరు కాగితాలు

మొదటిది పురపాలక సంఘం ఇచ్చిన జనన ధ్రువపత్రం. పుట్టిన వెంటనే బిడ్డ పేరు లేకుండానే జననం నమోదు చేయించుకుని, పేరును తర్వాత చేర్పించుకునే వీలు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 14వ సెక్షన్ ఇస్తుంది. వీరు అలాగే చేశారు. అందులో ‘మునిలక్ష్మి’ అని ఒక్క మాటే ఉంది, ఇంటిపేరు లేదు. రెండోది పదో తరగతి ధ్రువపత్రం. అందులో అన్నీ పెద్దక్షరాలే. వేలూరు, ముని, లక్ష్మి అని మూడు మాటలు, మూడింటి మధ్యా సమానమైన ఎడం. మూడోది ఆధార్ కార్డు. ఇంగ్లీషులో వేలూరు, మునిలక్ష్మి అని రెండే మాటలు, ప్రతి మాటకూ మొదటి అక్షరం మాత్రం పెద్దది. దాని పైన తెలుగులో మాత్రం ‘వెలురు మునిలక్ష్మి’ అని ఉంది. నాలుగోది పాస్‌పోర్టు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పదో తరగతి పత్రంలోని మూడు మాటలూ ‘గివెన్ నేమ్’ గడిలో వరసగా పడ్డాయి. ఐదోది బ్యాంకు పాస్‌బుక్కు. అందులో ‘కుమారి’ అనే గౌరవ వాచకాన్ని ఇంగ్లీషులో మూడక్షరాలకు కుదించి చుక్క లేకుండా ముందు పెట్టారు. ఆ తర్వాత ‘వీ’, ఆ తర్వాత మునిలక్ష్మి. మన పద్ధతి తెలియనివారు ‘కుమ్’ అన్నది ఆమె మొదటి పేరని అనుకుంటే తప్పు పట్టలేము. ఆరోది ఇందాక చెప్పిన ట్రాన్‌స్క్రిప్టు.

ఈ ఆరింటిలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ‘వెలురు’ అన్నది కూడా అబద్ధం కాదు. ఇంగ్లీషు నుంచి యంత్రం తిరిగి తెలుగులోకి తెచ్చుకున్న రూపం అది. వీ, ఈ, ఎల్, యూ, ఆర్, యూ అని రాసిన మాటలో ‘వే’ దీర్ఘమనీ, ‘లూ’ దీర్ఘమనీ చివరి ‘రు’ హ్రస్వమనీ యంత్రానికి ఎవరూ చెప్పలేదు. దీర్ఘాలు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు పోతాయి, వచ్చేటప్పుడు తిరిగిరావు. నమోదు సమయంలో తెర మీద తెలుగు వైపు కూడా చూసి సరిచేయించుకోవడం ఒక్కటే మార్గం. ఆ తెర ముందు కూర్చున్న తల్లిదండ్రులలో ఎందరు అలా చూస్తారో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

పెద్దబడి, చిన్నబడి

మా చిన్నప్పుడు అయ్యవార్లు ఇంగ్లీషు అక్షరాలను పెద్దబడి, చిన్నబడి అని వేరువేరుగా దిద్దించేవారు. తెలుగులో ఆ తేడా లేదు. ‘రాముడు’లోని రా ఎంతో ‘రాయి’లోని రా కూడా అంతే. పేరు మొదలైందని చెప్పడానికి మన లిపిలో ప్రత్యేకమైన గుర్తు అవసరం పడలేదు. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, ఉంటే చివర రెడ్డి, నాయుడు, అయ్యంగార్ వంటి మాట అని వరస స్థిరంగా ఉండటం వల్ల, చెవికి అలవాటైన ఇంటిపేర్ల ముగింపుల వల్ల మనకు హద్దు తెలిసిపోతుంది. ‘పల్లి’, ‘మంచి’, ‘పాటి’ అని ముగిసిన చోట ఇంటిపేరు అయిపోయిందని తెలుగు పాఠకుడు ఆలోచించకుండానే గ్రహిస్తాడు.

టైపు నేర్పే రోజుల్లో దీన్ని నేను వేళ్లతోనే గమనించాను. ఇంగ్లీషు మిషను మీద షిఫ్టు నొక్కితే అదే అక్షరం పెద్దదవుతుంది. తెలుగు మిషను మీద షిఫ్టు నొక్కితే వేరే అక్షరమో, వేరే గుర్తో వస్తుంది. ఇప్పటి ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో కూడా ‘క’ మీట షిఫ్టుతో ‘ఖ’ అవుతుంది, ‘గ’ మీట ‘ఘ’ అవుతుంది. ఇంటర్నెట్టు తొలి రోజుల్లో తెలుగువారు రోమన్ అక్షరాలతో తెలుగు రాయడానికి వాడిన రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డులో పెద్ద ‘ఎన్’ అంటే ణ, పెద్ద ‘ఎల్’ అంటే ళ, పెద్ద ‘టీ’ అంటే ట. అక్కడ పెద్దక్షరానికి ఉచ్చారణ విలువ ఉంది, పేరు మొదలు అన్న విలువ లేదు. ఆ అలవాటు ఉన్నవారు ఇప్పటికీ తమ పేరు మధ్యలో ఒక పెద్ద ‘ఎన్’ను పెట్టి దరఖాస్తు నింపి తెస్తారు. ‘రమణ’లోని ణను కాపాడాలన్న వారి తపన నాకు అర్థమవుతుంది, కానీ దరఖాస్తు గడి దాన్ని కాపాడలేదు.

రోమన్ లిపికి పెద్దక్షరం పొలం గట్టు మీద పాతిన హద్దురాయిలాంటిది. దాన్ని చూసి ఇక్కడ పేరు మొదలైందని చదివేవారు తెలుసుకుంటారు. అన్ని అక్షరాలనూ పెద్దవి చేస్తే ఏ రాయి హద్దురాయో తెలియదు. మన విద్యా ధ్రువపత్రాలు, గుర్తింపు పత్రాలు ఎక్కువగా అన్నీ పెద్దక్షరాలతోనే అచ్చవుతాయి. తెలుగు పేరులోని వరస తెలియని విదేశీ గుమాస్తాకు మూడు సమానమైన మాటలు చూపించి ఇందులో ఇంటిపేరు ఏదో చెప్పమంటే, తన దేశపు అలవాటు ప్రకారం చివరి మాటను చూపిస్తాడు.

ఇది పెద్దవారి పేర్లకు కూడా జరిగింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రపంచానికి కృష్ణమూర్తిగానే తెలుసు. జిడ్డు అన్నది ఇంటిపేరనీ, ఆయన తమ్ముడు జిడ్డు నిత్యానంద అనీ తెలియనివారు కృష్ణమూర్తినే వంశనామంగా చదువుకుంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. వారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి ఊరి నుంచి వచ్చింది. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్. తండ్రీకొడుకుల పేర్లలో ఉమ్మడిగా ఉన్న మాట మొదటిది, కానీ ఇంగ్లీషు పద్ధతిలో చివరి మాట ప్రకారం వరసపెడితే తండ్రి ఒకచోట, కొడుకు మరొకచోట పడతారు. తిరుచానూరులో 1891లో పుట్టి లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పేరు చూస్తే, మాడభూషి అన్న ఇంటిపేరు ఒక్క ‘ఎమ్’ అక్షరానికి కుదించుకుపోయి, చివరి అయ్యంగార్ ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. వారి కాలంలో ఉత్తరం చేరితే చాలు. ఇప్పుడు ఒక యంత్రం మరో యంత్రంతో పేరును సరిపోల్చి చూసి, తేడా ఉంటే మనిషిని ఆపేస్తుంది.

వేలూరును ఎలా రాయాలి

తండ్రికి ఒక సందేహం వచ్చింది. వారి పూర్వీకులు వేలూరు నుంచి వచ్చి పుత్తూరులో స్థిరపడ్డారు కాబట్టే ఆ ఇంటిపేరు. ఊరి పేరును ఇంగ్లీషులో అందరూ ఒకే విధంగా, రెండు ‘ఎల్’లతో, చివర ‘ఓ, ఆర్, ఈ’తో రాస్తారు కదా, ఇంటిపేరును కూడా అలాగే రాస్తే అందరికీ సులువుగా తెలుస్తుంది కదా అని ఆయన అడిగాడు. అర్థవంతమైన ప్రశ్నే. కానీ ఇంటిపేరు ఒకసారి ఊరిని విడిచి కుటుంబంతో బయలుదేరిన తర్వాత దాని రాత ఆ కుటుంబానిది. చిత్తూరు పక్కన ఉండి ఇప్పుడు ఊరిలో కలిసిపోయిన కట్టమంచి ఇంటిపేరుగా గల రామలింగారెడ్డి గారు తమ పేరును ఇంగ్లీషులో ‘కే’తో కాకుండా ‘సీ’తో రాసుకున్నారు. అందుకే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన ఆయన తెలుగు పత్రికల్లో కూడా సి.ఆర్.రెడ్డిగానే నిలిచారు. ‘క’తో మొదలయ్యే ఇంటిపేరుకు తెలుగులో ‘సి’ అనే పొడి అక్షరం రావడం, ఇంగ్లీషు రాత తెలుగు రాత మీదికి తిరిగొచ్చి కూర్చోవడానికి మన ప్రాంతంలోనే ఉన్న మంచి ఉదాహరణ. ఊరి రాత మారినా ఆయన రాత మారనక్కరలేదు. వేలూరు వారికి కూడా నేను అదే చెప్పాను. పదో తరగతి పత్రంలో ఏ రాత ఉందో అదే ఈ కుటుంబపు రాత. ఊరి పేరుతో సరిపోల్చే పని పెట్టుకోవద్దని చెప్పాను.

తల్లివైపు పొడి అక్షరం

తల్లి తిరుత్తణి దగ్గరి పల్లెలో పుట్టింది. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ సంవత్సరం సరిహద్దుల మార్పులో అప్పటి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇప్పటికీ అటువారూ ఇటువారూ బంధువులే, ఇళ్లలో రెండు భాషలూ నడుస్తాయి. పొడి అక్షరం విషయంలో మాత్రం సరిహద్దు గీత స్పష్టంగా ఉంటుంది. తెలుగువారి పొడి అక్షరం ఇంటిపేరుకు గుర్తు. తమిళుల పొడి అక్షరం తండ్రి పేరుకు గుర్తు. ఎం.కె. స్టాలిన్ పేరులోని ‘కె’ ఆయన తండ్రి కరుణానిధిది, ‘ఎం’ తాత ముత్తువేల్‌ది. అందులో ఇంటిపేరు లేదు. పెళ్లయిన స్త్రీకి తండ్రి అక్షరం స్థానంలో భర్త అక్షరం వస్తుంది. అందువల్ల ఈ తల్లి ఓటరు కార్డులో ఆమె పేరు ముందు ‘ఎమ్’ ఉంది, అది మునిరత్నానికి గుర్తు. కూతురి పాస్‌బుక్కులో ‘వీ’ ఉంది, అది వేలూరుకు గుర్తు. మునిలక్ష్మి తమ్ముడు అమ్మమ్మగారింట పుట్టాడు కాబట్టి తిరుత్తణిలో తీసుకున్న అతని జనన ధ్రువపత్రంలో ‘ఎమ్’ ఉంది. విద్యా రుణం కోసం వెళ్లినప్పుడు, తల్లి పేరు ముందున్న అక్షరం, కూతురి పేరు ముందున్న అక్షరం వేరువేరుగా ఉన్నాయెందుకని బ్యాంకువారు అడిగారట. తల్లి ఆ ప్రశ్నను తన కుటుంబం మీద అనుమానంగా తీసుకుని బాధపడింది. ‘నేను వాళ్లమ్మను గాదా మేడమ్?’ అని నన్ను అడిగింది.

నేను ఆమెకు ఒక తెల్లకాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఎడమవైపు తమిళ పద్ధతి, కుడివైపు తెలుగు పద్ధతి రాసి, ఆ కాగితాన్నే రుణం దరఖాస్తుకు జతచేసే అఫిడవిట్టుకు మూలంగా వాడాను. ఆ రెండు అక్షరాలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని, రెండూ నిజమేనని నోటరీ ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్టును బ్యాంకు అంగీకరించింది. ఇటువంటి అఫిడవిట్టుల్లో ‘ఇద్దరూ ఒకే వ్యక్తి’ అని మాత్రమే రాసి వదిలేయడం మామూలు. నా అనుభవంలో ప్రతి రూపానికీ పక్కన కారణం రాసిన అఫిడవిట్టు ఎక్కువ కాలం పనికొస్తుంది, ఎందుకంటే ఐదేళ్ల తర్వాత దాన్ని చదివేవారు వేరొకరు.

ఏం మార్చాం, ఏం వదిలేశాం

తరగతులు మొదలవడానికి మూడు నెలలే ఉంది. అన్నిటికీ ఆధారంగా ఏ పత్రాన్ని తీసుకోవాలన్నది మొదటి నిర్ణయం. నేను పదో తరగతి పత్రాన్నే తీసుకుంటాను. ఆ తర్వాతి చదువుల పత్రాలన్నీ దాని మీద ఆధారపడి పుట్టినవి, దాన్ని మార్చాలంటే బడి నుంచి మొదలుపెట్టి బోర్డు దాకా వెళ్లాలి. ఈ నిర్ణయంతో వేలూరు రాత స్థిరపడింది. కానీ దానితోపాటు ముని, లక్ష్మి మధ్య ఉన్న ఎడం కూడా వచ్చింది, అది ఈ కేసులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన అంశం.

మునిలక్ష్మి తెలుగులో ఒకే మాట. తల్లిదండ్రులు ఒకే మాటగా పెట్టారు, ఒకే మాటగా పిలుస్తారు. ఎడం పడగానే అమెరికాలో ‘ముని’ మొదటి పేరవుతుంది, ‘లక్ష్మి’ మధ్య పేరవుతుంది. మధ్య పేరు అక్కడి కాగితాల్లో ఒక అక్షరానికి కుదించుకుపోతుంది లేదా పూర్తిగా పోతుంది. అమ్మాయిని అందరూ ముని అని పిలుస్తారు. తండ్రి మునిరత్నం, తమ్ముడు మునికృష్ణ. ఎడం ఉన్న లెక్కన ఇంట్లో ముగ్గురూ ముని అవుతారు. ఇది చెప్పినప్పుడు తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆ పేరు పెద్దల మొక్కుబడి వల్ల వచ్చిందని తర్వాత చెప్పాడు.

అయినా ఆ ఎడాన్ని ఉంచాము. పదో తరగతి పత్రంలోనూ, పాత పాస్‌పోర్టులోనూ అదే ఉంది. వ్యవధి తక్కువగా ఉన్నప్పుడు రెండు బలమైన పత్రాలు ఒప్పుకున్న రూపాన్ని కదపకూడదు. దానికి బదులు విదేశీ దరఖాస్తులన్నిటిలో రెండు మాటలనూ ‘ఫస్ట్ నేమ్’ గడిలోనే కలిపి రాయాలనీ, ‘మిడిల్ నేమ్’ గడిని ఖాళీగా వదలాలనీ అమ్మాయికి చెప్పాను. పిలుపు పేరు అడిగిన చోట ఎడం లేకుండా మునిలక్ష్మి అని రాసుకుంది.

పాస్‌పోర్టులో ఖాళీగా ఉన్న ఇంటిపేరు గడే అన్నిటికన్నా అత్యవసరం. ఇంతకుముందు దాన్ని నింపిన దుకాణంవారు పేరులో ఏది ఇంటిపేరో అడగకుండా మూడు మాటలనూ ఒకే గడిలో పెట్టేశారు. పాస్‌పోర్టులో ఒకే పేరు గడి నిండి ఉంటే అమెరికా వీసా దరఖాస్తులో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు స్థానంలో ‘మొదటి పేరు తెలియదు’ అని అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్, ఎన్, యూ, పడతాయి. ఆ మూడక్షరాలు తర్వాత మొదటి పేరులా స్థిరపడి, లైసెన్సు మీదా జీతపు కాగితం మీదా వెంటాడతాయి. అక్కడినుంచి ఫోను చేసి ‘నా పేరు ఎఫ్‌ఎన్‌యూ అయిపోయింది’ అని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. గల్ఫుకు వెళ్లేవారికి కూడా ఇది చిన్న విషయం కాదు. రెండు గడులూ కలిపి ఒకే ఒక్క మాట పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది.

పాస్‌పోర్టు కింది భాగంలో యంత్రం చదివే రెండు వరసలుంటాయి, ఒక్కో వరసలో 44 స్థానాలు. అందులో పెద్దక్షరాలు, అంకెలు, బాణపు మొనలాంటి పూరక గుర్తు తప్ప మరేమీ ఉండవు. మాటకూ మాటకూ మధ్య ఒక గుర్తు, ఇంటిపేరుకూ పేరుకూ మధ్య రెండు గుర్తులు పడతాయి. అన్నీ పెద్దక్షరాలైన చోట హద్దు చెప్పే పని ఆ జంట గుర్తులది. అమ్మాయి పాత పాస్‌పోర్టులో ఆమె మూడు మాటల మధ్య ఒక్కో గుర్తే ఉంది. దాన్ని భూతద్దం కింద చూపించి, ‘నీ ఇంటిపేరు ఎక్కడ ముగిసిందో యంత్రానికి తెలియదు’ అని చెప్పినప్పుడు ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. పునర్జారీకి దరఖాస్తు పెట్టి వేలూరును ఇంటిపేరు గడిలోకి, ముని లక్ష్మిని రెండో గడిలోకి విడదీశాము. కొత్త పుస్తకం వచ్చినప్పుడు ఆమె ముందుగా చూసింది ఆ జంట గుర్తులనే.

ట్రాన్‌స్క్రిప్టుకు కళాశాలకు వెళ్లాము. పూర్తి పేరుతో కొత్త ప్రతి ఇవ్వడానికి వారు అభ్యంతరం చెప్పలేదు, అయితే రెండు వారాలు పట్టింది. ఆధార్‌లో పేరు సవరణకు జీవితకాలంలో రెండే అవకాశాలుంటాయి కాబట్టి ఇంగ్లీషు వైపు ఎడాన్నీ, తెలుగు వైపు దీర్ఘాలనూ ఒకే దరఖాస్తులో సరిచేయించాము. ఇప్పుడు ఆమె కార్డు మీద ‘వేలూరు’ అని ఉంది. బ్యాంకు పాస్‌బుక్కులోని ‘కుమ్’ తొలగిపోయింది, ‘వీ’ అలాగే ఉంది. దానికోసం ఇంకో నెల తిరగడం అనవసరమని వదిలేశాము. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు చేర్చే ప్రయత్నం కూడా చేయలేదు, ఎందుకంటే ఉన్నది తప్పు కాదు, తక్కువ మాత్రమే.

ఇక పెద్దక్షరాల సంగతి. బయోడేటా, ఉత్తరాలు, ఈమెయిలు చివర పెట్టే సంతకం వంటివి మన చేతిలో ఉన్నవి. అక్కడ ఇంటిపేరును మాత్రం పూర్తిగా పెద్దక్షరాలతో, పేరును మొదటి అక్షరం పెద్దదిగా, మిగతావి చిన్నవిగా రాయమని అమ్మాయికి చెప్పాను. వరస మాత్రం తెలుగు వరసే, వేలూరు ముందు. ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. ఫ్రెంచివారి కాగితాల్లో వంశనామాన్ని పూర్తి పెద్దక్షరాలతో రాయడం పాత ఆచారం. జపానువారిది మనలాగే వంశనామం ముందుండే వరస. నూరేళ్లకు పైగా ఇంగ్లీషు కోసం దాన్ని తిప్పి రాస్తూ వచ్చి, 2020 జనవరి 1 నుంచి తమ ప్రభుత్వ పత్రాల్లో రోమన్ లిపిలో కూడా వంశనామమే ముందు రాయాలని, స్పష్టత కావలసిన చోట దాన్ని పూర్తి పెద్దక్షరాలతో చూపవచ్చని నిర్ణయించుకున్నారు. పేరు తిప్పి రాసుకోకుండానే హద్దు చూపించే ఈ పద్ధతి తెలుగు పేర్లకు సరిగ్గా అతుకుతుంది. దీన్ని మన కళాశాలలు తమ జాబితాల్లో, మార్కుల పత్రాల్లో పాటిస్తే నా దగ్గరికి వచ్చే పనిలో సగం రాకుండా పోతుంది, అలా పోవాలనే నేను కోరుకుంటాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కుటుంబ గౌరవానికి సంబంధించినదిగా చూసే దేశాలు ఇంకా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ‘వాన్’ అనే మాట ముందు సొంత పేరు ఉంటే చిన్నక్షరంతో, ఇంటిపేరు ఒంటరిగా వస్తే పెద్దక్షరంతో రాస్తారు. పక్కనున్న బెల్జియంలో కుటుంబం ఎలా నమోదు చేసుకుందో ఎప్పుడూ అలాగే రాస్తారు. ఒక అక్షరం కోసం ఇంత శ్రద్ధ వారికి ఉన్నప్పుడు, మన పేర్ల కోసం మనం ఆ మాత్రం పట్టుబట్టడం ఎక్కువేమీ కాదు.

విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరంలో అమ్మాయి తన పేరును ఆ విధంగానే రాసి, మొదటిది ఇంటిపేరని ఒక వాక్యంలో వివరించింది. నాలుగో రోజున సరిచేసిన ప్రవేశ పత్రం వచ్చింది. చెన్నైలో వీసా ఇంటర్వ్యూ జరిగింది. వీసా మీద రెండు గడులూ నిండి ఉన్నాయి.

తమ్ముడి నామినల్ రోల్

అమ్మాయి వెళ్లిపోయిన తర్వాత తల్లిదండ్రులు మళ్లీ వచ్చారు. మునికృష్ణ పదో తరగతిలోకి వచ్చాడు. పరీక్షకు ముందు బడి నుంచి బోర్డుకు వెళ్లే నామినల్ రోల్‌లో, అంటే విద్యార్థుల పేర్ల జాబితాలో, ఏ రూపం పడితే అదే జీవితాంతం నిలుస్తుందని వారికి ఇప్పుడు తెలుసు. జనన ధ్రువపత్రంలో ఉన్నట్టు ‘ఎమ్’ ఉంచాలని తల్లి కోరిక, ఆ అక్షరం ఆమె పుట్టింటి పద్ధతి. మేం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాము. ‘ఎమ్’ మునిరత్నానికి గుర్తు, తండ్రి పేరుకు రోల్‌లో విడిగా ఒక గడి ఉంది, ఆ పేరు అక్కడ పూర్తిగా పడుతుంది కాబట్టి పొడి అక్షరంగా దాచవలసిన అవసరం లేదని చెప్పాను. ఆమె కొంతసేపు ఆలోచించి, ‘పేరు నిండుగా పడతాది గదా, సరే’ అంది.

ఒక కాగితం మీద ఇంటిపేరు వేలూరు, పేరు మునికృష్ణ, ఎడం ఒకే ఒక్కటి అని రాసి, ఇంగ్లీషు రూపాన్ని గళ్ల కాగితంలో గడికో అక్షరం చొప్పున నింపి ఇచ్చాను. తండ్రి దాన్ని బడికి తీసుకువెళ్లాడు. మొదటిసారి వచ్చిన ముసాయిదా ప్రతిలో ‘ముని’ తర్వాత ఎడం పడింది. ఆయన దాన్ని తిరిగి పంపాడు. రెండో ప్రతిని నా బల్ల మీద గళ్ల కాగితం పక్కన పెట్టి ముగ్గురం వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాము. ఎడం లేదు. తండ్రి దాని ఫోటో తీసి అక్కడున్న కూతురికి పంపి, ఆమె కూడా చూసి సరేనన్నాకే కింద సంతకం పెట్టాడు.